గుమ్మం దాకా వచ్చిన డాక్టరమ్మ

మా ఊరు రాచ్‌డేల్‌లో బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లకి హెస్టర్ కెర్షా సొంత మనిషిలాంటి డాక్టరమ్మ. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఆడవాళ్లకి వైద్యం నేర్పేవాళ్లు దొరక్క స్విట్జర్లాండులోని జ్యూరిక్ వెళ్లి చదివొచ్చింది. పురుడు పోసేముందు క్రిముల్ని చంపే కార్బాలిక్ నీళ్లతో చేతులు కడుక్కోవాలని మా ఊళ్లో మొదట పట్టుబట్టింది ఆమే. ఆమె వైద్యశాలలో నేను నర్సుని.

చదువుకి వెళ్లినప్పుడే చెల్లెలు లిడియా ఆమెతో మాటలు మానేసింది. "శవాల్ని కోసిన చేత్తో నా పెళ్లి కేకు ముట్టుకోకు" అందట. హెస్టర్ పెళ్లికి వెళ్లలేదు.

లిడియాకి తొలి కాన్పు నొప్పులు మొదలయ్యాయని పాలవాడు చెబితే మాత్రం ఆగలేకపోయింది. సంచీ పుచ్చుకుని వానలోనే బయల్దేరింది. నేనూ వెంట వెళ్లాను. లిడియా భర్త ఎడ్విన్ తలుపు సగమే తెరిచాడు.

"హాల్‌రాయిడ్ డాక్టరుగారు వచ్చారు వదినా. మీరు అడుగుపెడితే ఆయన వెళ్లిపోతారట."

"ఆయన పొద్దుటిదాకా బాలింత జ్వరం వచ్చిన మనిషి దగ్గరున్నారు. చేతులైనా కడుక్కోమను."

"అంత పెద్దాయనకి చేతులు కడుక్కోమని నేను చెప్పాలా? బావుంది."

లోపల్నుంచి లిడియా నీరసంగా అడిగింది. "అక్క గొంతులా ఉందే?"

"కాదులే, పాలవాడు" అన్నాడు ఎడ్విన్.

హెస్టర్ సంచీ పుచ్చుకుని మెట్లు దిగింది. దారిలో నాతో అంది: "తోసుకుని వెళితే రేపు ఊరంతా అదే చెప్పుకుంటుంది మార్తా. ఇంకే తండ్రీ కూతుర్ని ఈ చదువుకి పంపడు."

ఆడపిల్ల పుట్టింది. ఆ వారంలోనే లిడియా ఒళ్లు కాలిపోతోందని ఎడ్విన్ తనే పరుగెత్తుకొచ్చాడు.

"ఆ రోజు తలుపు దగ్గర నువ్వే కదూ?" అంది లిడియా, మేం మంచం దగ్గరికి వెళ్లగానే.

"నేనే."

"వస్తావని చూశాను."

హెస్టర్ ఆ మంచం వదల్లేదు. లిడియా బతకలేదు.

తర్వాత మా ఊరి ఆడపిల్లలు కొందరు వైద్యం చదివారు. వాళ్ల తండ్రులు డాక్టరమ్మ నెమ్మదితనాన్ని మెచ్చుకున్నప్పుడల్లా ఆమె అక్కణ్ణించి లేచి వెళ్లిపోయేది.

లిడియా కూతురు ఫీబీ పెద్దదై, ఒకసారి దగ్గుకి మందు కోసం వచ్చింది.

"అమ్మ ఎలా పోయింది పెద్దమ్మా? నాన్న దేవుడి మీద పెడతాడు."

"దేవుడు కాదమ్మా. కడుక్కోని చేతుల వల్ల జ్వరం వచ్చింది. అది నాకు ముందే తెలుసు. తెలిసి కూడా మీ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగాను."

ఫీబీ లేచింది. కోటు బొత్తాలు పెట్టుకుంది, మందు సీసా బల్లమీదే వదిలేసి వెళ్లింది. మళ్లీ మా వైద్యశాలకి రాలేదు.