ఇరవై అడుగుల కింది మట్టి

బావులు తవ్వే పెద్దాయన్ను, మొక్కలు నాటించే కాంట్రాక్టరు మనుషులు తోటలోంచి ఈడ్చుకొచ్చి మా కళ్ళముందే పడేశారు. చెట్ల మధ్య ఇరవై అడుగుల గొయ్యి తవ్వడమే ఆయన చేసిన నేరం. దెబ్బలు తింటున్నా గుప్పిట మాత్రం విప్పలేదు.

వాళ్ళు వెళ్ళాక విప్పాడు. గొయ్యి అడుగు మట్టి. పిసికి ముద్ద చేయబోతే పొడిపొడిగా రాలిపోయింది. బావులు తవ్వేవాళ్ళకు అదే పరీక్ష, ముద్ద నిలిస్తే కింద తడి ఉన్నట్టు.

"చెట్లు లేని బీడులో ఇదే లోతున తవ్వితే ముద్ద నిలుస్తోంది. ఇక్కడ పై వాన చాలక చెట్లు వేళ్ళు దించి కింది తడంతా తాగేశాయి. మన తాతలనాటి వానలు దిగిన తడి అది" అన్నాడు.

ఆ చెట్లు నాటింది మేమే. రెండు బారలకొకటి పెట్టమంటే, మిగిలినవి పారేయడానికి చేతులు రాక సందుసందునా గుచ్చాం. వానలొస్తాయని మురిసిపోయాం కూడా. పదేళ్ళలో నాలుగు బావులు ఎండాయి. మిగిలింది బీడు పక్కన ఒక్కటే. ఇప్పుడు ఆ బీడులోనూ మా చేతే గుంతలు తీయించారు. రేపు నాటాలి.

సాయంత్రం పనిముట్ల షెడ్డులో కూర్చున్నాం.

"చెట్టు వద్దంటే నలుగురూ నవ్వరూ?" అంది మా ఆడకూలీల మేస్త్రి.

"చెట్టు మీద నాకేం పగ వదినా? ఈ నేలకు గడ్డీ, అక్కడక్కడా ఓ చెట్టూ చాలు" అంది మొక్కలు పెంచే ఆవిడ.

"నేల చూడ్డానికొచ్చిన ఆఫీసరు కొలిచి తడుందనే రాశాడుగా?" అంది మేస్త్రి.

"జానెడు లోతున కొలిచాడు. అదీ వాన పడ్డ మర్నాడు. ఆయనకు పైన పచ్చగా కనబడితే చాలు."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"పని పోతే?" అన్నాడు మేస్త్రి మొగుడు.

"నీళ్ళు పోయాక ఏం పని చేస్తావురా, నాయనా?" అన్నాడు పెద్దాయన.

పొద్దున్నే మొక్కల లారీ వచ్చింది, వెనకే పోలీసు వ్యాను. గాలి కదలడం లేదు. బీడులో రెండొందల గుంతలు, మొక్క పెట్టే చోటు లేకుండా ఒక్కో గుంతలో మాలో ఒక్కో మనిషి.

"ఎక్కండి పైకి" అన్నాడు కాంట్రాక్టరు. ఎవరూ కదల్లేదు. పోలీసులు ముందుగా పెద్దాయన్ను లాగి వ్యానెక్కించారు.

లారీలో వచ్చిన పొరుగూరి కూలీ ఒకడు, ఖాళీ అయిన ఆ గుంత దగ్గరికి మొక్క పట్టుకొచ్చాడు. మమ్మల్ని చూశాడు, వ్యాను వైపు చూశాడు.

"మా ఊళ్ళోనూ బావులు ఇట్లాగే పోయాయి" అన్నాడు.

మొక్కను పక్కన పెట్టి ఆ గుంతలో తనే దిగాడు. లారీ మీద మిగిలిన కూలీలు ఒక్కొక్కరే కిందికి దూకుతున్నారు. ఇన్‌స్పెక్టరు ఇంకో వ్యాను కోసం ఫోను తీశాడు.