తనిఖీకి చూపించే పొలం

చేపల పొలుసు గీకుతుంటే మా ఆయన దెహెన్ గుమ్మంలోంచి తల దూర్చి, "తిరా వాళ్లమ్మా, ఇవాళ కొత్త బియ్యం వండు. తనిఖీకొచ్చే జకార్తా వాళ్లు మన కొండ వరి అంటే పడి చస్తారు," అన్నాడు. పడి చావరా మరి! ఆ వరి పండిన నేలనే భోజనాలయ్యాక వాళ్లకు తప్పు జరిగిన చోటని చూపించబోతున్నాడు.

అడవి తరిగితే గాలి చెడుతుందని, తరగకుండా చూడమని పైవాళ్లు ఊరికో కాపలా సంఘం పెట్టారు. మా సంఘానికి దెహెనే అధ్యక్షుడు. ఆకాశం నుంచి తీసిన ఫోటోలో చెట్లు కనబడని చోటుంటే, ఎందుకు పోయాయో సంఘం చెప్పాలి. ఈ ఏడు అలాంటివి రెండు తేలాయి. ఏటికి ఎగువన పెద్దది, ఊరిపెద్ద తమ్ముడు కుర్సాని అనేవాడు పామాయిల్ తోట కోసం నరికించింది. దిగువన చిన్నది నాది. మా అమ్మ ఎప్పుడో పండించి బీడు వదిలిన పొలం అది. నేల తేరుకునేదాకా వదిలెయ్యడం, పెరిగిన చెట్లు కొట్టి, కాల్చి, మళ్లీ విత్తడం మా పద్ధతి. పైనుంచి చూసేవాళ్లకు ఆ బీడు అడవిలాగే ఉంటుంది. దెహెన్‌కు తెలియక కాదు. ఆ పొలంలో కర్రతో గుంటలు పొడుస్తూ ముందు నడిచింది అతనే, గింజలు వేస్తూ వెనక నడిచింది నేను.

సంఘం పెద్దదాన్ని గాలివాన మీదికి తోసేసింది. చిన్నదాన్ని నాకు అంటగట్టింది.

"నేనే దొరికానా?" అని ఆ రోజే అడిగాను.

"ఒక్క తప్పయినా ఒప్పుకోకపోతే తనిఖీవాళ్లు నమ్మరే. కుర్సాని పేరెత్తితే ఊళ్లో ఉండనిస్తారా? నువ్వు ఇంటి మనిషివి, సర్దుకుపోతావు."

అత్తగారు తమలపాకు నములుతూ, "మొగుడి పరువు కోసం ఆమాత్రం చెయ్యలేవా?" అంది.

సర్దుకుపోవడమంటే ఇక అక్కడ వరి వెయ్యకూడదు. అడవి మొక్కలు నాటాలి. వాటికి నీళ్లు మొయ్యాల్సిందీ నేనే. విత్తడానికి నాకు వేరే పొలం లేదు. విత్తనం ఒక్క ఏడు మట్టి చూడకపోతే ఆ పైన మొలవదు. అమ్మ చేతి నుంచి నాకొచ్చి, నా కూతురు తిరా చేతికి వెళ్లాల్సిన వరి ఈ కుండలో ఉడికి అయిపోతోంది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ ఇతని మీటింగులకు వండింది, గిన్నెలు తోమింది, వంటింట్లో చల్లారిన కూడు తిన్నది ఇందుకా అనిపించింది.

తనిఖీకి వచ్చినవాళ్లలో పెద్దాయన రెండోసారి అన్నం పెట్టించుకుని, "ఏం కమ్మగా ఉందండీ! ఎక్కడ పండుతుందిది?" అన్నాడు.

దెహెన్ నవ్వేశాడు. "ఆడవాళ్ల పనులు సార్, ఎక్కడో పండిస్తుంటారు."

చెయ్యి తుడుచుకుని వాళ్ల మధ్యకు వచ్చాను. "తప్పు జరిగిందని మీకు చూపించబోయే పొలంలోనే పండిందండీ."

"తిరా వాళ్లమ్మా, లోపలికి పో," అన్నాడు దెహెన్, పళ్ల మధ్య నుంచి.

"పోను. పడవ దగ్గరికి పోతున్నా," అన్నాను. పెద్దాయన వైపు తిరిగాను. "తినేసి రండి, నిదానంగా. ఎగువకు నేను తీసుకెళ్తాను. మా ఊళ్లో గాలివాన చెట్లను రంపంతో కోస్తుంది, చూద్దురుగాని."