నాలుగో పిడి

“మూతని ఇలా బిగించీత్తే ఎవులు తీత్తారు? ఇంట్లో నువ్వొక్కడివే తింతన్నావేటి?” అంటూ సత్యకుమారి చోడిపిండి డబ్బాను గట్టు మీద ఠపీమని పెట్టింది.

“బిగించకపోతే పురుగు పట్టీసిందంటావు. నీతో ఎలాగే?” అన్నాడు భర్త సుక్రు, పెరట్లో పార కడుగుతూ. “నిన్న ఉప్పు డబ్బా, మొన్న పప్పు డబ్బా. డబ్బాలకి బలం వచ్చీసిందా, నీకే తగ్గీసిందా?”

అతను లోపలికొచ్చి, తడి చేత్తోనే ఒక్క తిప్పు తిప్పి మూత తీసి, మళ్లీ పెరట్లోకి వెళ్లిపోయాడు. ఆమె ఆ తెరిచిన డబ్బా వంక కాసేపు చూసింది. రాగి అంబలి కాయలేదు. ఉత్త టీ తాగి, కుడి బొటనవేలు కనిపించకుండా పైట చెంగు చేతి మీదికి లాక్కుని డ్యూటీకి బయలుదేరింది.

ఆ బొటనవేలి మొదట్లో చింతగింజంత ఎముక పొడుచుకొచ్చి ఏడాదవుతోంది. డుంబ్రిగుడ దారిలో ఉన్న ఒక చిన్న ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో ఆమె ఇరవై ఆరేళ్లుగా నర్సు. ఇంకా రెండున్నరేళ్ల సర్వీసు ఉంది. డాక్టరు చెయ్యి చాపితే, ఏం కావాలో నోరు తెరిచి అడగక్కర్లేదు. అదే చేతిలో పడుతుంది. ఇన్నేళ్లలో థియేటర్లో “నా వల్ల కాదు” అన్న మాట ఆమె నోట రాలేదు.

ఆరోజు తరుణ్ వచ్చే రోజు. అతను విశాఖలో ఒక కంపెనీ ఇంజనీరు. కోసిన పేగు రెండు కొసల్నీ సన్నటి పిన్నులతో ఒక్క నొక్కులో కలిపే స్టేప్లర్ తయారు చేస్తున్నారు. చిన్న ఆసుపత్రులకు కూడా అందాలని ఆసుపత్రి పెద్ద డాక్టర్ లక్ష్మణరావు పట్టుబట్టి వాళ్లను ఇక్కడికి రప్పించారు. నాలుగు నెలలుగా ఆయనకూ తరుణ్‌కూ ఒకటే వాదన. స్టేప్లర్ కాడ సన్నంగా ఉంటే కడుపు లోతుకు వెళుతుందని ఆయన. సన్నమైతే వంగుతుంది, పిన్ను పూర్తిగా మడత పడదని అతను. పిడి తేలిగ్గా నొక్కుకోవాలంటే వేళ్లతో లాగే దాని రెక్క ఎడంగా జరగాలి. ఎడమైతే చిన్న చేతి వేళ్లు అందవు. దగ్గరికి తెస్తే బిగుసుకుంటుంది. ఒకటి సవరిస్తే ఇంకొకటి చెడుతోంది. మూడు పిడులు పక్కన పడ్డాయి. ఇది నాలుగోది.

చిన్న చెయ్యి అంటే సత్యకుమారి చెయ్యే. “మా సత్యమ్మ నొక్కగలిగితే ఎవరైనా నొక్కగలరయ్యా,” అన్నారు లక్ష్మణరావు మొదటిరోజే. ఆ మాటే ఆమె మీద బరువై కూర్చుంది.

పోయినసారి తరుణ్ నాలుగో పిడిని మొదటిసారి చేతికిచ్చినప్పుడు సగం నొక్కేసరికి బొటనవేలి మొదట్లో కత్తి దిగినట్టయింది. తరుణ్ కళ్లు ల్యాప్‌టాప్ మీద ఉన్నాయి. పిడి మీద ఎంత బలం పడిందో అందులో గీతలా పాకుతుంది; ఎన్ని చేతులు పడ్డాయో దానికి తెలియదు. ఆమె పరీక్ష కోసం ఎడమ చేత్తో పట్టుకున్న మేకపేగును వదిలేసి, ఆ చేత్తో కుడి చేతిని పొదివి పట్టి నొక్కింది. గీత నిండుగా వచ్చింది. “సూపర్ సిస్టర్,” అన్నాడతను. ఆ తరవాత పదిహేడుసార్లూ అలాగే నొక్కింది.

సంతలో తెచ్చిన మేకపేగు ఆరోజూ ట్రేలో సిద్ధంగా ఉంది. ఆమె శుభ్రంగా కడిగి ఒక కొసకు దారం కట్టింది. స్టేప్లర్ అందుకోబోతుంటే లక్ష్మణరావు, రెండు వారాల క్రితం చేరిన జూనియర్ డాక్టరు నిర్మలను పిలిచారు. “నువ్వూ ఒకసారి చూడమ్మా.”

నిర్మల ఎడమ చేత్తో పేగు పట్టుకుని, కుడి చేత్తో పిడి నొక్కింది. ముఖం ఎర్రబడింది. టక్కుమని శబ్దమైతే వచ్చింది. తరుణ్ పేగులో నీలిరంగు నీళ్లు నింపాడు. అతుకు దగ్గర ఒక చుక్క ఊరింది. దాని పక్కన ఇంకొకటి. సగమే మడత పడ్డ పిన్నులు తలపిన్నుల్లా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

“గట్టిగా నొక్కాలి మేడమ్. సిస్టర్ పద్దెనిమిదిసార్లు నొక్కారు, ఒక్కసారీ కారలేదు.”

“సారీ అండీ. నా చేతిలోనే పట్టు లేదు,” అంది నిర్మల తల దించుకుని.

“అలవాటవుతుందిలే,” అన్నారు లక్ష్మణరావు.

తరుణ్ ‘అభ్యాసం అవసరం’ అని టైపు చేసుకున్నాడు. మధ్యాహ్నం రైలుకు వెళుతున్నాననీ, సాయంత్రమే పిడికి పోత అచ్చు చెయ్యడానికి ఇచ్చేస్తామనీ, ఒకసారి అచ్చు పడితే ఏళ్ల తరబడి ఇదే పిడి అనీ చెప్పాడు. సత్యకుమారి ట్రే తీసుకుని పంపు దగ్గరికి వెళ్లింది. కడుపులో అయితే ఊరేది నీలిరంగు నీళ్లు కాదు. టైడా నుంచి వచ్చిన ఒకతనికి ఎనిమిదేళ్ల క్రితం అతుకు ఇలాగే ఊరింది. ఐదోరోజుకు కడుపు చెక్కలా బిగుసుకుపోయింది. ఆ చెక్కదనం ఇంకా ఆమె అరచేతికి గుర్తుంది.

అన్నాలకు ఇంటికి వచ్చేసరికి కూతురు రాజకుమారి వడ్డించి ఉంచింది. వెదురు కొమ్ముల కూర, అన్నం. సత్యకుమారి కలపబోయింది. ముద్ద చేతిలో నిలవక రెండుసార్లు కంచంలోనే జారింది.

“అమా, నెప్పా?”

“నెప్పే. ఏడాదైంది.” ఆమె చెయ్యి కంచంలోనే ఉంచింది. “నాను తరుణ్ బాబుని మోసం సేసినాను. రెండు సేతుల్తో నొక్కినాను. ఒక సేత్తో నొక్కినట్టు రాసుకున్నాడు.”

సుక్రు నవ్వాడు. “దానికేటి? ఎలాగోలాగ నొక్కినావు గదా.”

“పేగు పట్టుకోడానికి మూడో సెయ్యి ఎవులికుంది? ఆ డాక్టరు గుంట నాకు బదులు మాట పడింది.”

అతని నవ్వు ఆగింది. “సెప్పీత్తే నిన్ను తియేటర్లో ఉంచుతారేటి?”

“ఉంచరు. ఉంచకూడదు గూడా.”

“రెండున్నరేళ్లే గదే. ఊరుకోరాదూ?”

“నానూరుకుంటే ఆ పిడి ఊరుకోదు.” ఆమె లేచి చెయ్యి కడుక్కుంది. “తినీసి బేగి బండి తియ్యి. రైలెక్కీలోపల ఆ పిడి పనికిరాదని సెప్పీత్తాను. అట్నుంచటే పెద్ద డాక్టరు బాబు కాడికెల్లి, రేపట్నించి తియేటర్ పని సెయ్యనని సెప్పీసి వత్తాను.”

సుక్రు మిగిలిన అన్నం గబగబా తిని, తాళం కోసం చొక్కా జేబు తడుముకున్నాడు. రాజకుమారి తల్లి కంచం మీద మూత పెట్టింది.

ఆసుపత్రిలో దాదాపు అందరివీ ఏడు, ఏడున్నర నంబరు గ్లవ్స్ పట్టే చేతులు. నిర్మలకైనా ఆరున్నర కావాలి. థియేటర్ అలమారలో పై అరన, సత్యకుమారి ఒక్కదాని కోసం విశాఖ నుంచి తెప్పించి పోయిన సోమవారమే సీలు తీసిన ఆరో నంబరు గ్లవ్స్ పెట్టె, మూడు జతలు మాత్రమే తగ్గి ఉంది.