ఏడో పాయింటు దగ్గర సున్నా

"సున్నా అని రాసింది మీరే కదా పెద్దమ్మా? ఒకసారి కాదు, ఆరేళ్లు," అంటూ మునిసిపాలిటీ ఇంజనీరు కాగితాలు నా ముందుకు తోశాడు.

ఒళ్లు మండిపోయింది. రాసింది నేనే మరి.

ఊరి మధ్యనున్న సమాధుల తోటలో ఏటా చలికాలం చివర, చెట్లు చిగురించక ముందే, మేం కొందరం పిట్టల్ని లెక్కపెడతాం. పన్నెండు పాయింట్లు. ఒక్కోచోట పది నిమిషాలు నోరెత్తకుండా నిలబడాలి. ఏ పిట్టా లేకపోతే సున్నా వేయాలి. అసలు నిలబడకపోతే గీత పెట్టాలి. ఈ నియమాలు మా పెద్ద, రిటైరైన పోస్టుమాస్టరు పెట్టినవి.

ఏడో పాయింటు దగ్గర మా చెల్లెలుంది. ఆసుపత్రిలో దానికి రేపొస్తానని చెప్పి ఇంటికొచ్చాను. తెల్లారేసరికి అది లేదు. దాని సమాధి రాయి ముందు పది నిమిషాలు నిలబడటం నా వల్ల కాలేదు. తల వంచుకుని దాటిపోయేదాన్ని. గీత పెడితే ఎందుకని అడుగుతారు, అందుకని సున్నా వేసేదాన్ని. ఇప్పుడా సున్నాలు చూపించి ఆ పక్క చెట్లన్నీ కొట్టేసి కార్లు పెట్టుకుంటారట!

"అవి అబద్ధాలు," అన్నాను. "నేనక్కడ ఆగనే లేదు."

పక్కనే కూర్చున్న పోస్టుమాస్టరు మొహం మాడిపోయింది. "అదేంటి అక్కయ్యా! ఇక మీ మిగతా లెక్కలు ఎవరు నమ్ముతారు? ఆరేళ్ల కాగితాలూ చెత్తబుట్టలో వేయాల్సిందే."

"వేసేయండి. ఆ చెట్ల జోలికి మాత్రం రావద్దు."

"గూడుంటే మేమూ ముట్టుకోం," అని నవ్వాడు ఇంజనీరు. "రేపు పొద్దున్నే నేనూ వస్తా. చూపించండి."

మర్నాడు ముగ్గురం ఏడో పాయింటు దగ్గర నిలబడ్డాం. మూడో నిమిషంలో ఇంజనీరు ఫోను మోగింది. ఆయన తాపీగా మాట్లాడటం మొదలుపెట్టాడు.

"నోర్ముయ్!" అని అరిచాను. "మా చెల్లెలి నెత్తిన కార్లు పెడతావు గానీ, పది నిమిషాలు నోరు మూసుకుని ఉండలేవూ?"

కొమ్మల్లో ఉన్న పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

"అదిగో, పిట్టలు. రాసుకోండి," అన్నాడాయన, ఫోను జేబులో పెట్టుకుంటూ.

"మనం బెదరగొట్టినవి లెక్కలోకి రావు," అన్నాడు పోస్టుమాస్టరు. వాచీ చూసుకున్నాడు. "మళ్లీ మొదటి నుంచి."

అయిదు నిమిషాలైంది. ఏమీ లేదు. ఏడు. నా నోటిదురుసుతో నా సున్నాని నేనే నిజం చేశానేమో అనిపించి, నన్ను నేనే తిట్టుకున్నాను. చెల్లెలి పేరున్న రాయిని కళ్లెత్తి చూశాను, ఆరేళ్లలో మొదటిసారి. దాని వెనకున్న మానుకి గుండ్రటి తొర్ర ఉంది. కింద తాజా చెక్కపొట్టు.

తొమ్మిదో నిమిషంలో వడ్రంగిపిట్ట వచ్చి మానుకి అతుక్కుంది. అటూ ఇటూ చూసి తొర్రలోకి దూరింది.

"ఒక్కటేగా," అని గొణిగాడు ఇంజనీరు.

"ఒకటి," అని రాసి, కాగితం ఆయన చేతిలో పెట్టాను. సంతకం చేసేదాకా దారికడ్డంగా నిలబడ్డాను.