పొట్టేళ్లు చూసే చెయ్యి

"...అది కాదప్పా మనవడా, నువ్వు సిగ్గుపడితే ఈ కథ సగంలోనే నిలబడిపోతాది. నేను చెప్పింది చెప్పినట్టు రాయి," అన్నాడు తాత.

చిన్న ఈరన్నను పత్తికొండ చుట్టుపక్కల గొర్రెల కాపరులంతా ఎరుగుదురు. పొట్టేలును కొనాలన్నా, మందలో ఉంచుకోవాలన్నా ముందు అతన్ని పిలవాల్సిందే. వెనక నుంచి చెయ్యి పెట్టి, బీజాలు రెండూ మెల్లగా తడిమి, "ఇది విత్తనానికి" అనేవాడు. లేదంటే "ఇది కోతకు." అంతే, ఇక బేరం ఉండదు.

తనూజను పెళ్లాడిన మొదటి చలికాలమే అతని మందలో గొర్రెలు నెలలు నిండకుండా పిల్లల్ని జారవిడిచాయి. చచ్చిన పిల్లల్ని, మాయల్ని ఒట్టి చేతులతోనే లాగి పారేశాడు. నెల తిరక్కముందే సాయంత్రమైతే జ్వరం, చెమటలు, నడుము నొప్పి. ఆ తర్వాత ఒకపక్క బీజం వాచింది. ఊళ్లో సూది వేసే ఆయనకు జ్వరం సంగతే చెప్పి మాత్రలు తెచ్చుకున్నాడు. వాపు తీసింది గానీ లోపల గట్టిగా గడ్డ నిలిచిపోయింది. ఒకరోజు ఎవరూ లేని చేలో తనను తానే తడుముకున్నాడు. పొట్టేలుకైతే ఏమి చెప్పేవాడో అతనికి తెలుసు. చెయ్యి చటుక్కున తీసేశాడు.

మూడేళ్లు గడిచాయి. పిల్లలు లేరు. జ్వరం వస్తూ పోతూనే ఉంది.

ఈ ఏడు మళ్లీ గొర్రెలు నెలలు నిండకుండానే ఈసుకుపోతే పశువుల డాక్టరు వచ్చి వాటి రక్తం తీసుకుపోయాడు. వారం తర్వాత వచ్చి కాపరులందరినీ కూర్చోబెట్టాడు.

"గొర్రెలు ఈసుకుపోయే ఈ రోగం మనిషికీ అంటుకుంటాది. మీలో ఎవరికన్నా విడవని జ్వరాలు, బీజాల వాపు ఉండాయా? చూపించుకోకుంటే పిల్లలు కూడా పుట్టకపోవచ్చు."

ఒకడు కిసుక్కుమన్నాడు. "ఏమప్పా ఈరన్నా, ఊళ్లో పొట్టేళ్లన్నీ తడిమినావు. నీ సంగతేంది?"

అందరూ పడీపడీ నవ్వారు. వాళ్లతోపాటు ఈరన్నా నవ్వాడు. "నాకేమి రోగమప్పా? రాయి మాదిరి ఉండా."

ఆ మాటతో తలుపు తానే వేసుకున్నాడు. ఇప్పుడు నిజం చెబితే అబద్ధాలకోరు, పైగా పనికిరానివాడు. అలాంటివాడి దగ్గరికి పొట్టేలును ఎవడు తోలుకొస్తాడు? చెప్పకపోతేనేమో ఇంట్లో వేరే ఏర్పాటు జరుగుతోంది. తల్లి సుబ్బరత్నమ్మ తన తమ్ముడు తిమ్మయ్య కూతుర్ని కోడలిగా చేసుకోవాలని పట్టుబట్టింది. తనూజను పుట్టింటికి పంపేయాలట.

శుక్రవారం పొద్దున తిమ్మయ్య వచ్చాడు, వెంట ఒక పొట్టేలుతో.

"మాటలు తర్వాత. ముందు దీన్ని చూడు అల్లుడా. దీన్ని తెచ్చినంక ఒక్క గొర్రె గూడా చూలు కట్టలేదు."

ఈరన్న వంగి తడిమాడు. ఒకపక్క మామూలుగా ఉంది. రెండోపక్క గట్టి గడ్డ. వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

"కోతకు," అన్నాడు.

"నేనూ అట్లే అనుకుంటి," అన్నాడు తిమ్మయ్య.

వాకిట్లో బట్టలు మడుస్తున్న తనూజ తలెత్తింది. "గొర్రెలు కట్టకపోతే పొట్టేల్ని చూపిస్తాండావు గదా మామా! మరి నన్ను మాత్రం ఏమీ చూడకనే తోలేస్తాండారే?"

"నోరు ముయ్యే!" అంది సుబ్బరత్నమ్మ. "నా కొడుకుకేమి తక్కువ?"

ఈరన్న లేవలేదు. పొట్టేలు పక్కనే నేలమీద కూలబడ్డాడు.

"అమ్మా, తనూజ తప్పేం లేదు. నాకూ ఇట్లనే ఉండాది. మూడేండ్లాయ."

తిమ్మయ్య పొట్టేలును తోలుకుని, మజ్జిగైనా తాగకుండా పోయాడు. సుబ్బరత్నమ్మ రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు.

తనూజ మాత్రం మరుసటి రోజే అతన్ని కర్నూలు బస్సెక్కించింది. డాక్టరు ఇద్దరి రక్తమూ పరీక్ష చేయించాడు. ఆమెకు రోగం లేదు, అతనికి ఉంది. ఆరు వారాలు రెండు రకాల మాత్రలు, ఒక్క పూట కూడా తప్పకూడదు. "ముందే వచ్చుంటే బాగుండేది. వాపు రాని పక్క బీజంలో పిల్లలు పుట్టే సత్తువ ఎంత మిగిలిందో మందులయ్యాక చూద్దాం," అన్నాడు. ఇంకా ఇరవై రోజుల మాత్రలున్నాయి. ఈ నడుమ ఈరన్న దగ్గరికి ఒక్క పొట్టేలూ రాలేదు.

"ఇంగ ఆపు మనవడా. కడప పక్క మంద తోలుకుపోయిన మీ అన్న భూపేష్ గూడా ఒట్టి చేతుల్తోనే మాయలు లాగుతాండాడు. సాయంత్రమైతే ఒళ్లు కాలుతాంది తాతా అని నవ్వుతా చెప్పినాడు మొన్న. వానికి ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించు. పక్కన ఎవరూ లేనప్పుడు."