డొల్ల వస్తాదు

సర్కస్ బండి మైకు కట్టుకుని వీధి మలుపు తిరిగేసరికి వస్తాదు కలప అడితిలో దుంగ కింద భుజం పెట్టి ఉన్నాడు.

"ఉక్కు వీరుడు! వీరుడి గుండ్లు ఎత్తగల మొనగాడెవడైనా ఉంటే రింగులోకి రావచ్చు!" అని మైకు గొంతు చించుకుంటోంది.

ఆ మాటలు ఒకప్పుడు వస్తాదు తన కోసం తనే కూర్చుకున్నవి. ఒక్క అక్షరం కూడా మార్చకుండా వాడుకుంటున్నారు.

దుంగ రెండో కొస పట్టుకున్న కూలీ పళ్లికిలించాడు. "ఏం డొల్ల వస్తాదూ, మీవాళ్లొచ్చినట్టున్నారు. వెళ్లి నీ గాలి గుండ్లు తెచ్చుకో, మాకూ కాస్త పని తేలికవుతుంది."

అందరూ నవ్వారు.  వస్తాదు దుంగను మామూలుకన్నా గట్టిగా కింద పడేశాడు. కూలీ గెంతి పక్కకు తప్పుకోవలసి వచ్చింది.

వస్తాదు సర్కస్‌లో చేరింది గుంజలు మోయడానికి. ఒకనాడు గాలివానకు డేరా నడిమి గుంజ ఒరిగిపోతుంటే, కింద ఉన్నవాళ్లందరూ బయటపడేదాకా దాన్ని వీపు మీద ఆపుకుని నిలబడ్డాడు. యజమాని చూసి, "ఈ పని టిక్కెట్టు పెట్టి చేయించాలి గానీ ఊరికే చేయిస్తామా!" అన్నాడు. తర్వాతి ఊళ్లో అతనికి చిరుత మచ్చల చెడ్డీ కుట్టించారు. ఛాతీ మీద బల్ల వేసి దాని మీదుగా మోటారు నడిపించారు. అన్నిటికన్నా పేరు తెచ్చింది మాత్రం గుండ్ల కడ్డీ. ఇనుప కడ్డీకి రెండు కొసలా రెండు పెద్ద గుండ్లు. గుండ్లకు అడుగున మర ఉండేది. అది తిప్పి లోపల సీసపు గుళ్లు నింపేవారు. ముందు ప్రేక్షకుల్లో ఎవరైనా వచ్చి ఎత్తి చూడవచ్చు. వాళ్లు మూలిగి, చెమటలు కక్కి, సిగ్గుపడి వెళ్లిపోయాక వస్తాదు వచ్చి, ఆవలిస్తున్నవాడిలా దాన్ని తల మీదికి లేపేవాడు.

తీగ మీద గొడుగు పట్టుకుని నడిచే అమ్మాయి అతన్ని కోరి చేసుకుంది. "బరువులెత్తేవాడు కదా, సంసారం కూడా ఎత్తుతాడనుకున్నా. తీరా చూస్తే తిండి దగ్గర తప్ప చెయ్యి లేవదు," అని అందరి ముందూ ఆటపట్టించేది.

ఆమె వెంట ఆమె తమ్ముడూ వచ్చాడు. ఇంట్లో చిన్నోడని పిలిచేవారు గానీ అప్పటికే మీసం మెలేసే వయసు. వస్తాదు తన కంచంలోది వాడికి పెట్టాడు. ఊపిరి ఎప్పుడు బిగపట్టాలో, బరువు నేలను వదిలే క్షణంలో నడుమును ఎలా నిలపాలో పక్కన కూర్చుని నేర్పాడు. కడ్డీకి నూనె రాసి తుడిచే పని కూడా నమ్మి వాడికే అప్పగించాడు.

అలా నమ్మడమే కొంప ముంచింది. ఒకరోజు నిండు డేరాలో సవాలు పిలవగానే గ్యాలరీలోంచి ఎండుపుల్ల లాంటి మనిషొకడు లేచి వచ్చాడు. కడ్డీని ఒంటిచేత్తో ఎత్తి గొడుగులా భుజాన పెట్టుకుని, "డొల్ల! ఇదంతా డొల్ల!" అని రింగు చుట్టూ తిరిగాడు. గుండ్లలోని సీసం ఎవరో ముందే దులిపేశారు. జనం చెప్పులు విసిరారు. వస్తాదు నోరు విప్పితే వినేదెవరు? సాయంత్రానికల్లా యజమాని పెట్టె సర్దుకోమన్నాడు. ఆ మర్నాడు చిరుత మచ్చల చెడ్డీలో చిన్నోడు నిలబడ్డాడు. కొన్నాళ్లకు ఆ ఎండుపుల్ల మనిషి సర్కస్ వాకిట్లో టీ కొట్టు నడుపుతున్నాడని తెలిసింది. వస్తాదుకి ఇక ఎవరూ ఏమీ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

ఇంకో సర్కస్ గడప తొక్కితే, "డొల్ల వస్తాదువి నువ్వే కదూ?" అన్నారు. ఆ పేరు అతనికన్నా ముందు చేరేది ఏ ఊరికైనా. చివరికి కలప అడితిలో తేలాడు. ఒంట్లో బలం తగ్గలేదు, కడుపులో మంటా తగ్గలేదు. రెండూ ఒకదాన్నొకటి మేపుకుంటూ వచ్చాయి.

మొదటి ఆటకు వస్తాదు తలకు తువ్వాలు చుట్టుకుని గ్యాలరీలో వెనక బల్ల మీద కూర్చున్నాడు. చిన్నోడు బాగా ఒళ్లు చేశాడు. కండ ఉండవలసిన చోట కొవ్వు మెరుస్తోంది. గుండ్ల కడ్డీని ఇద్దరు పనివాళ్లు మోకాళ్లు వంగిపోతూ మోసుకొచ్చి పెట్టారు. ఊరి మొనగాళ్లు ముగ్గురు నలుగురు వచ్చి తలలు దించుకుని వెళ్లారు. అంతలో జోకర్లు తోపుడుబండి తోసుకుంటూ రింగులో పడ్డారు. ఒకడి మీద ఒకడు నీళ్లు పోసుకున్నారు, తివాచీలో చుట్టుకుని దొర్లారు. డేరా అంతా పడీపడీ నవ్వింది. వాళ్లు వెళ్లాక కడ్డీ ఉన్నచోటే ఉంది. కానీ పోతూ పోతూ ఒక జోకరు కాలు తగిలితే అది కాస్త ఎగిరిపడింది.

అంతమంది జనంలో ఆ ఎగురు చూసినవాడు వస్తాదు ఒక్కడే. జనానికి నిండు కడ్డీ. చిన్నోడికి ఖాళీ కడ్డీ. మార్చేది తివాచీ చాటున.

ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు. ఆమె చీరకు కుట్టు వేస్తూ విన్నది.

"వాడు ఒక్కరోజు కూడా నిజమైన బరువు ఎత్తలేదే. నా అన్నం తిని, నా చెడ్డీ తొడుక్కుని, ఇన్నేళ్లూ గాలి మోశాడు."

"నా తమ్ముడని వాణ్ణి వెనకేసుకు రానులే," అంది ఆమె. "నిండు కడ్డీ ఎలాగూ నీ ముందు పెడతారుగా. ఎత్తు. ఎత్తి నీ పేరు చెప్పు. ఆ డొల్ల మాట నీ మీంచి రాలిపోతుంది. అంతటితో వదిలేసి వచ్చెయ్యి."

"ఎత్తగలననుకుంటున్నావా?"

"నన్నడుగుతావేం? రోజూ అడితిలో దుంగలతో కుస్తీ పట్టేది దేనికి, సరదాకా?"

ఆదివారం పగటి ఆటకు భార్యను ముందు వరసలో కూర్చోబెట్టాడు. అడితి కూలీలు కూడా వచ్చి గ్యాలరీ ఎక్కారు. సవాలు పిలిచారు. వస్తాదు తువ్వాలు నడుముకు బిగించుకుని రింగులోకి దిగాడు. పైనుంచి కూలీ గొంతు వినబడింది: "చూసుకో వస్తాదూ, ఇవి నిజం గుండ్లు!" నవ్వులు.

చిన్నోడు చేతులు కట్టుకుని చిరునవ్వుతో నిలబడి ఉన్నాడు. నెరిసిన గడ్డం మాటున మనిషిని పోల్చుకోలేదు.

వస్తాదు కడ్డీ మీదకు వంగాడు. ఊపిరి బిగబట్టాడు. నడుము నిలిపాడు. లాగాడు. కడ్డీ నేలను వదిలింది. మోకాళ్ల దాకా వచ్చింది. ఒంట్లో ప్రతి నరానికీ ఆ బరువు గుర్తుంది. ఇంకొక్క ఊపు ఇస్తే ఛాతీ మీదికి, అక్కణ్ణించి తల మీదికి. వస్తోందని అతనికి తెలిసిపోయింది. ముందు వరసలో భార్య బల్ల అంచు పట్టుకుని సగం లేచి నిలబడింది.

అప్పుడతను తలెత్తి చిన్నోడి ముఖం చూశాడు. చిన్నోడు ఏమీ బెదరలేదు. చప్పట్లు కొట్టడానికి చేతులు విప్పి సిద్ధంగా ఉన్నాడు. ఎవరెత్తినా కౌగిలించుకుని, మైకు తీసుకుని, "ఊరికొక వీరుడు!" అనేసి ఆట సాగించేస్తాడు. రేపటి ఆటకు ఇంకా ఎక్కువమంది వస్తారు. ఈ ఎత్తడం కూడా వాడి ఖాతాలోకే పోతుంది.

వస్తాదు చేతులు వదిలేశాడు. కడ్డీ ధడాలున నేల మీద పడింది. మోకాళ్లు పట్టుకుని రొప్పాడు. డేరా గొల్లుమంది. "డొల్ల మనిషికి నిండు గుండ్లా!" అని పైనుంచి ఎవరో ఈల వేశారు. భార్య కూలబడిపోయింది.

"పాపం, పెద్దాయన! చప్పట్లు కొట్టండి!" అన్నాడు చిన్నోడు మైకులో.

తోపుడుబండి తెర చాటునుంచి బయల్దేరింది. వస్తాదు లేచి వెళ్లలేదు. తీరిగ్గా కడ్డీ మీద కూర్చున్నాడు.

"నా వల్ల కాలేదు బాబూ," అన్నాడు అందరికీ వినబడేలా. "ఒప్పుకున్నా. ఇప్పుడు వీరుడుగారు ఎత్తితే దగ్గరుండి చూసి నేర్చుకుంటా. ఆ జోకర్లను తర్వాత రమ్మనండి."

"అవునవును, నేర్పించు!" అని గ్యాలరీ అందుకుంది. జోకర్లు బండితో సహా నిలబడిపోయారు. ఒకడు తివాచీ విప్పబోతే వస్తాదు కాలితో తొక్కిపెట్టాడు.

వస్తాదు గొంతు విన్నాకే చిన్నోడి మొహంలో నెత్తురు ఇంకిపోయింది. మైకు పక్కన పెట్టి వంగాడు.

"బావా!"

"గుర్తుపట్టావా? ఎంత పెద్దవాడివయ్యావురా."

"బావా, లే. తర్వాత మాట్లాడుకుందాం. నీ కాళ్లు పట్టుకుంటా."

"పట్టుకో. ఇక్కడే, అందరూ చూస్తుండగా పట్టుకో. ఎందుకు పట్టుకున్నావో కూడా చెప్పు. అప్పుడు లేస్తా."

"పెళ్లాం పిల్లలున్నవాణ్ణి బావా. అక్క మొహం చూసైనా..."

"మీ అక్క అదిగో, ముందు వరసలోనే ఉంది. నువ్వే చూడు."

చిన్నోడు చూశాడు. ఆమె వాడి వంక చూడలేదు. మొగుణ్ణే చూస్తోంది.

"ఎత్తు! ఎత్తు!" అని బల్లలు తన్నుతున్నారు జనం. యజమాని తెర పక్కనుంచి కళ్లెర్రజేస్తూ చెయ్యి ఊపాడు, కానిమ్మని. వస్తాదు లేచి, మర్యాదగా పక్కకు తప్పుకుని చోటిచ్చాడు.

చిన్నోడు కడ్డీ పట్టుకున్నాడు. మొదటిసారి కడ్డీ కదలలేదు. జనం మొదట నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు. రెండోసారి అవమానం కొద్దీ, భయం కొద్దీ గుంజాడు. బరువు నేల వదిలే క్షణంలో నడుము నిలపాలని ఎంతగానో నేర్చుకున్నవాడే, గాలి మోసీ మోసీ మరిచిపోయాడు. ఎదురుగా ఉన్న వస్తాదుకి ఆ నడుము వంకర పోవడం ముందే కనబడింది. 'వదిలెయ్' అన్న మాట నాలుక మీదికి వచ్చింది. పళ్లు బిగించి దాన్ని మింగేశాడు.

వాడి నడుములో ఏదో పుటుక్కుమంది. చిన్నోడు కడ్డీ మీదే బోర్లా పడ్డాడు. లేవబోయి లేవలేక కేకపెట్టాడు. జోకర్లు తోపుడుబండిలోంచి ఖాళీ కడ్డీని బయట పడేసి, ఆ బండిలోనే వాణ్ణి ఎక్కించుకున్నారు. బయట పడ్డ కడ్డీ దొర్లుకుంటూ వెళ్లి ముందు వరస దగ్గర ఆగింది. పూల గౌను పిల్ల ఒకతి వంగి దాన్ని ఒంటిచేత్తో ఎత్తింది. డేరా అంతా ఒక్క నోటితో అరవడం మొదలుపెట్టింది. వస్తాదు ఆగి చూడలేదు. భార్య చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు.

దారిలో అడితి కూలీ ఎదురొచ్చాడు. "వాడూ డొల్లే, నువ్వూ డొల్లే! మంచి జోడీ!" అని కడుపు పట్టుకుని నవ్వుకుంటూ పోయాడు. వస్తాదు కూడా నవ్వాడు.

ఇంట్లో అడుగు పెట్టాక ఆమె చెయ్యి విడిపించుకుంది.

"లేచింది కదూ నీకు?"

"లేచింది."

"తల మీదికి వచ్చేదే."

"వచ్చేది."

"మరి ఎందుకు వదిలేశావయ్యా? వీధివీధంతా చూసేవాళ్లు. ఆ పేరు పోయేది. ఇప్పుడు చచ్చేదాకా డొల్ల వస్తాదువే."

"ఎత్తితే అందరూ చప్పట్లు కొట్టేవాళ్లే," అన్నాడు వస్తాదు చొక్కా విప్పుతూ. "వాడు కూడా కొట్టేవాడు."

 ఆమె సంచీలో ఒక పాత దుప్పటీ, చెంబూ పెట్టుకుంది.

"ఎక్కడికే?"

"ఆసుపత్రికి. వాడికి కూర్చోవడం కూడా రాకపోవచ్చు." గడప దగ్గర ఆగింది. "నువ్వు రావద్దు. నీ మొహంలో సంతోషం ఇంకా పోలేదు."

ఆమె వెళ్లాక వస్తాదు అద్దం ముందుకు వెళ్లి చూసుకున్నాడు. నిజమే, పోలేదు. తుడుచుకోవాలని కూడా అతనికి అనిపించలేదు.