ముందే కడుక్కుని రమ్మన్నారు

పన్నెండు తువ్వాళ్ళు ఇస్త్రీ చెయ్యాలి. ఏడోదాని దగ్గర ఉండగా ఫోన్ మోగింది. చేసింది చర్చి సంఘపెద్ద భార్య. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని "చెప్పండి మేడం" అంది మైకమ్మ. ఆవిడ ముందు తువ్వాళ్ళ సంగతి అడిగింది, తర్వాత గోరువెచ్చటి నీళ్ళ సంగతి. ఆ తర్వాత గొంతు కాస్త తగ్గించింది.

"ఇంకో చిన్న విషయమమ్మా. రేపు మీవాళ్ళు పన్నెండుమందినీ ఇంటి దగ్గరే కాళ్ళు శుభ్రంగా కడుక్కుని రమ్మను. ఎవరూ నొచ్చుకోకుండా చెప్పడం నీకు బాగా తెలుసు కదా."

"అలాగే మేడం" అంది. ఏడో తువ్వాలు మీద ఒక్క ముడత కూడా లేదు. అయినా దాన్నే ఇంకోసారి ఇస్త్రీ చేసింది.

ఆ చర్చిలో ఒకప్పుడు రెండు సంఘాలు ఉండేవి. పొద్దున తెల్లవాళ్ళు, మధ్యాహ్నం నల్లవాళ్ళు. అలాగని పైకి ఎవరూ అనేవారు కాదు. ఉదయం సంఘం, మధ్యాహ్నం సంఘం అనేవారు. సిలువ ఒకటే, బెంచీలు అవే. కాకపోతే పొద్దుటివాళ్ళు వెళ్ళేముందు తమ పాటల పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేసుకునేవారు. నాలుగేళ్ళ కిందట కొత్తగా వచ్చిన పాస్టరు, ఒక్క ప్రభువుకి రెండు పూటలేమిటని పట్టుబట్టి అందరినీ ఒకే ఆరాధనలోకి తెచ్చాడు. తీరా కలిశాక, వెనక నాలుగు బెంచీల్లో కూర్చున్న మధ్యాహ్నంవాళ్ళకి తెల్లవాళ్ళ భాషలో సాగే ప్రసంగం ఒక్క ముక్క అర్థం కావడం లేదని తేలింది. రెండు భాషలూ బాగా వచ్చినది ఆమెకే. అలా చేతికి మైకు వచ్చింది, మైకుతోపాటు మైకమ్మ అన్న పేరూ వచ్చింది. నీది వరమమ్మా అన్నాడు పాస్టరు. వరానికి సెలవులుండవని ఆమెకి మెల్లగా తెలిసొచ్చింది. ఒంట్లో బాగాలేని ఆదివారం కూడా మైకు పట్టుకోవాలి. వారమంతా ఆమె పనిచేసే స్కూలు ఆఫీసులోనూ ఇదే తంతు. హెడ్మాస్టరు తలుపు తీసి "ఒక్క నిమిషం ఇటు రా" అంటే, ఏదో పిల్లాడి తల్లి కళ్ళు తుడుచుకుంటూ కూర్చుని ఉంటుంది. ఆ ఒక్క నిమిషం గంటవుతుంది. వెనక్కి వచ్చేసరికి బల్లమీది కాగితాలు అలాగే ఉంటాయి.

పైగా ఆమె చేసేది ఒట్టి తర్జుమా కాదు. మాటల్లో ముళ్ళు ఏరి అవతలికి అందించేది. మీవాళ్ళకి టైము అంటే లెక్కలేదా అని ముందు బెంచీవాళ్ళు అడిగితే, మీకోసం ఎదురు చూశారట అని చెప్పేది. వీళ్ళ పాటలు వింటుంటే చావింట్లో కూర్చున్నట్టుందని వెనకవాళ్ళు గొణిగితే, చాలా ప్రశాంతంగా ఉందట అని చెప్పేది. రెండువైపులా నవ్వేవారు. మీ ఆవిడ వల్లే మనం కలిసున్నామయ్యా అని పెద్దలు ఆమె భర్త భుజం తట్టేవారు. బస్సు డిపోలో మెకానిక్కు అతను. ఏడుగురు సభ్యుల ఐక్యతా కమిటీలో ఆరుగురు ముందు బెంచీవాళ్ళైతే, వెనక బెంచీల తరఫున అతనొక్కడు. మీటింగులో మాట్లాడాల్సింది ముందురోజు వంటింట్లో ఆమె చేతే చెప్పించుకునేవాడు. మీటింగు రోజున ఆమె టీ ఇచ్చి గోడవారగా నిలబడేది. నువ్వెందుకు కమిటీలో లేవని ఒకసారి ఎవరో అడిగారు. ఆమె నోరు తెరిచేలోపే అతను నవ్వి, దానికి ఇప్పటికే బోలెడు పని ఉందన్నాడు.

యేసు తన శిష్యుల పాదాలు కడిగినట్టు, పెద్దలూ వాళ్ళ భార్యలూ మోకాళ్ళమీద కూర్చుని వెనక బెంచీవాళ్ళలో పన్నెండుమంది పాదాలు కడగాలన్నది కమిటీ తీర్మానం. పాత తప్పులకి పశ్చాత్తాపంగా. వినగానే ఆమెకి నిజంగానే కళ్ళు చెమర్చాయి. తన అత్తగారు ఆ పన్నెండుమందిలో ఒకరు. ఆసుపత్రిలో నేల తుడవడం ఆవిడ ఉద్యోగం. ఇరవయ్యారేళ్ళుగా ఆవిడ పాదాలు తడిలోనే ఉన్నాయి. మడమలు బీటలు వారిపోయాయి. ఆ పాదాల్ని ఎవరో ఒకరు చేతుల్లోకి తీసుకోవడం చూడాలని ఆమెకి ఎంతో ఆశగా ఉండింది.

ఫోన్ వచ్చిన సాయంత్రమే పన్నెండుమందికీ కబురు చెప్పింది. కాళ్ళ సంగతి మాత్రం ఎత్తలేదు. రేపు మామూలుగా రండి, చాలు అంది.

"చెప్పావా?" అని భర్త అడిగాడు. అతనికీ ఫోన్ వచ్చిందన్నమాట.

"చెప్పలేదు."

"అందులో అంత మాటేముంది? ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే మనం ఇల్లు ఊడ్చుకోమూ?"

"మన ఇల్లు మనం ఊడ్చుకుంటాం. వచ్చేవాళ్ళని ఒళ్ళు తోముకుని రమ్మనం."

అతను విసుగ్గా టీవీ వైపు తిరిగాడు. ఆమె మిగిలిన తువ్వాళ్ళు మడతపెడుతూ కూర్చుంది. చెప్పకపోవడం మంచిదయిందా, లేక ఇదీ ఒక రకం ముల్లు ఏరడమేనా అన్నది ఎంతకీ తేలలేదు.

ఆదివారం పొద్దున పన్నెండుమందీ చర్చి పక్క వరండాలో గుమిగూడారు. అత్తగారు తెల్లవారుజామున డ్యూటీ ఎక్కి, దిగీ దిగగానే అటునుంచి అటే వచ్చింది. కాళ్ళకి పనిలో వేసుకునే రబ్బరు బూట్లే ఉన్నాయి. సంఘపెద్ద భార్య వచ్చి ఆ బూట్లు చూసి, మైకమ్మ వంక చూసింది. చెప్పలేదా అని అడిగింది. జవాబు కోసం ఆగకుండా, నవ్వుమొహంతోనే పన్నెండుమందికీ వరండా చివర కుళాయి చూపించింది. అక్కడ అప్పటికే సబ్బు పెట్టి ఉంది.

"ఏమంటోందే ఈవిడ?" అంది అత్తగారు.

పన్నెండు మొహాలూ మైకమ్మ వైపు తిరిగాయి. మెత్తటి మాట ఒకటి అలవాటుగా నాలుక చివరకి వచ్చేసింది. నీళ్ళు చల్లగా ఉన్నాయట, చూసుకోమంటున్నారు అంటే చాలు, ఈ గండం గడిచిపోతుంది. ఆమె ఆ మాట మింగేసింది.

"వాళ్ళు కడిగేముందు మీరే శుభ్రంగా కడుక్కోవాలట. నిన్ననే చెప్పమన్నారు. నేనే చెప్పలేదు."

అత్తగారు తన బూట్ల వంక చూసుకుంది. "మనమే కడుక్కుంటే ఇంక వాళ్ళు కడగడానికి ఏం మిగిలింది?" అంది తాపీగా. ఎవరో కిసుక్కుమన్నారు. అత్తగారు నవ్వలేదు. "ఈ మాట ఆవిడకి చెప్పు. ఎప్పట్లా బెల్లం రాయకు. ఇన్నేళ్ళుగా నువ్వు చెప్పేది ఒకటి, వాళ్ళ మొహాలు చెప్పేది ఇంకొకటి. నాకు భాష రాదు గానీ కళ్ళు లేవనుకున్నావా?"

సంఘపెద్ద భార్య మాట కంటే ఈ మాటే ఆమెకి ఎక్కువ తగిలింది. నాలుగేళ్ళుగా తను కాపాడుతున్నాననుకున్న మనిషి, అంతా తెలిసి, తన కోసమే తెలియనట్టు ఊరుకుందన్నమాట.

చెప్పింది. ఒక్క అక్షరం మార్చకుండా. సంఘపెద్ద భార్య మొహం ఎర్రబడింది. వాళ్ళు ఇబ్బంది పడతారేమోనని అలా అన్నానంది. ఆ మాటనీ ఉన్నదున్నట్టే ఇటు చెప్పింది. అంతలో పాస్టరు వచ్చాడు. వెనకే వచ్చిన భర్త ఆమె మోచెయ్యి పట్టుకుని "సర్దిచెప్పు" అన్నాడు నెమ్మదిగా.

"సర్దడానికి ఇవేం తువ్వాళ్ళు కావండీ" అని చెయ్యి విడిపించుకుంది.

ఏం చేస్తే బాగుంటుందని పాస్టరు అత్తగారినే అడిగాడు. "కాళ్ళ సంగతి తర్వాత చూద్దాం. ముందు మా పన్నెండుమంది పేర్లూ చెప్పమను" అంది.

పాస్టరుకి ముగ్గురి పేర్లు తెలుసు. సంఘపెద్ద భార్యకి ఒక్కటీ తెలియదు. నాలుగేళ్ళ నుంచీ ఆదివారం ఆదివారం చేతులు కలిపి 'మీకు శాంతి కలుగుగాక' అని చెప్పుకుంటున్న మనుషులు. దానికి తర్జుమా అవసరం లేకపోయింది.

ఆవేళ పాదాలు కడగడం జరగలేదు. ఆరాధన మొదలవుతుండగా పాస్టరు అలవాటుగా మైకు అందించబోయాడు. "ఈవేళ నేనూ వినడానికే వచ్చానండీ" అని ఆమె అత్తగారి పక్కన వెళ్ళి కూర్చుంది. వెనక నాలుగు బెంచీల్లోనూ గుసగుసలు మొదలయ్యాయి. ముందువాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తిరిగి చూశారు. పాస్టరు వాక్యం మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఆ సందుల్లోకి దూకాలని ఆమె నాలుక తెగ ఆరాటపడింది. కాళ్ళు ఒకచోట నిలవలేదు. లేస్తే అందరూ తేలికపడతారు. తనతో సహా. బెంచీ అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

భర్త మూడురోజులు మాట్లాడలేదు. నాలుగోరోజున కమిటీ మీటింగుకి ఏం చెప్పాలని అడిగాడు. ఈసారి నేనే వచ్చి చెబుతానంది. వెళ్ళి, గోడవారగా కాకుండా కుర్చీలో కూర్చుని చెప్పింది: ఇకనుంచి ఆదివారాలు మైకు పట్టుకోను, బుధవారం సాయంత్రాలు మా భాష నేర్పుతాను, నేర్చుకోవాలనుకున్నవాళ్ళు రావచ్చు. ఒకప్పటి పొద్దుటి సంఘంలో రెండు కుటుంబాలు ఈ గొడవంతా మాకెందుకని ఆ తర్వాత రావడం మానేశాయి. ఆ సంగతి తెలిసిన రోజు ఆమెకి అన్నం సయించలేదు.

మొదటి బుధవారం పాస్టరూ, ఇద్దరు ముసలివాళ్ళూ వచ్చారు. మూడో బుధవారం సంఘపెద్ద భార్య నోట్‌బుక్కు పట్టుకుని వచ్చి, చివరి కుర్చీలో కూర్చుంది. రాసుకుంది, వెళ్ళిపోయింది. మళ్ళీ వారం కూడా వచ్చింది.

ఇంకో రెండు ఆదివారాలు గడిచాయి. ఆరాధన అయ్యాక, అందరూ లేస్తుండగా, సంఘపెద్ద భార్య వెనక బెంచీల దాకా నడిచి వచ్చింది. అత్తగారి ముందు నిలబడి, ఆవిడని పేరుపెట్టి పిలిచింది. ఆ తర్వాత అత్తగారి భాషలోనే నాలుగైదు మాటలు, తప్పులతో, ఒత్తాల్సిన చోట ఒత్తకుండా, ఒత్తకూడని చోట ఒత్తుతూ పలికింది. మధ్యలో ఒక మాట బొత్తిగా వేరే అర్థం వచ్చేలా పడింది. ఆవిడ ఆగి, నుదురు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

అత్తగారు కనుబొమలు ముడిచి, కోడలి వైపు తిరిగింది.

"ఏమంటోందే?"

ఏమంటోందో మైకమ్మకి పూర్తిగా తెలుసు. చక్కటి మాటల్లో, ఒక్క వాక్యంలో అందించగలదు. చేతిసంచీ భుజానికి తగిలించుకుంది.

"ఆవిడనే అడగండి అత్తయ్యా" అంది.